హీత్రో పక్కన ఒక ఊరు

లండన్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది మొదట కాలు మోపేది హీత్రో విమానాశ్రయంలో. ఆ పేరు ఒక పల్లెదనీ, ఆ పల్లె యిప్పుడు లేదనీ యెరిగినవారు తక్కువ. తోటలూ, కూరగాయల మళ్ళూ గల చిన్న ఊరది. 1944లో యుద్ధావసరాలకని ప్రభుత్వం ఆ నేల తీసుకుని, యిళ్ళు పడగొట్టి, రన్‌వేలు వేయించింది. 1946లో పౌర విమానాలు రావడం మొదలైనప్పుడు ప్రయాణీకులకు నీడ సైనికుల గుడారాలే! ఊరు పోయింది, పేరు మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది.

లండన్‌లో వున్న నాలుగు వారాల్లో నేను చూసిన వింతల్లో మర్టిల్ ఎవెన్యూ ఒకటి. చిన్న వీధి. దాని చివర గడ్డినేల. అక్కడ జనం కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో టీ పెట్టుకుని, తల పైకెత్తి కూర్చుంటారు. సుమారు నిమిషంన్నరకొక విమానం చక్రాలు చాచి, యిళ్ళ కప్పుల మీదుగా దిగుతుంది. ఒకటి నేల తాకేసరికి తూర్పున మరొక దీపం, దాని వెనక యింకొకటి, తోరణం కట్టినట్లు! మధ్యాహ్నం మూడు కాగానే ఆ వరుస ఉత్తరపు రన్‌వేకు మారిపోయింది. ఒక వైపు ఊళ్ళకు ఉదయం, రెండవ వైపు ఊళ్ళకు సాయంత్రం కాస్త విశ్రాంతి దొరకాలని అక్కడ యీ యేర్పాటు.

హీత్రోకు వున్నవి రెండే రన్‌వేలు. యేడాదికి 4,80,000 రాకపోకలు మించరాదని ప్రభుత్వ నిబంధన. అంటే రోజుకు సుమారు 1,300. అందుకే వచ్చిన విమానానికి వెంటనే చోటు దొరకదు. లండన్ చుట్టూ నాలుగు చోట్ల అవి ఆకాశంలో ప్రదక్షిణాలు చేస్తుంటాయి. ఒకదానిపై నొకటి వెయ్యేసి అడుగుల యెడం. గాదెలో ధాన్యం పైన పోసి అడుగున తీసినట్లు, అన్నిటికన్న క్రిందిది దిగడానికి వెళ్ళగా, పైవి ఒక్కొక్క మెట్టు దిగుతాయి. కాలే యింధనం కాలుతూనే వుంటుంది.

యీ వృథా తగ్గించడానికి యెన్ని యుక్తులో! రాబోయే విమానాలను వందల మైళ్ళ అవతలే కాస్త నెమ్మదిగా రమ్మంటారు. ఉపగ్రహాల సాయంతో దారి గీత గీసినట్లు పట్టిస్తారు. అయితే గీత సన్నబడేకొద్దీ మోత అంతా అదే యిళ్ళ మీద పడుతుందని ఆ గీత క్రిందివారి మొర.

గాలి సంగతి మరీ చిత్రం. పెద్ద విమానం వెనక గాలి సుళ్ళు తిరుగుతుంది. ఆ సుడిలో చిన్నది పడితే ప్రమాదం. కనుక రెంటి మధ్య యిన్ని మైళ్ళని దూరం కొలిచేవారు. ఎదురుగాలి బలంగా వీచేరోజున విమానం నేలకు నెమ్మదిగా చేరుతుంది; అవే మైళ్ళకు యెక్కువసేపు పడుతుంది. గంటకు దిగేవాటి సంఖ్య పడిపోయి, విమానాలు ఆలస్యమయ్యేవి. నిజానికి అటువంటి గాలి సుడిని కూడా త్వరగా చెదరగొడుతుంది. అందుచేత 2015 నుంచి మైళ్ళు మాని సెకండ్లు లెక్కించడం మొదలుపెట్టారు. ఎదురుగాలి రోజుల్లో పోయే చోటు చాలావరకు తిరిగి దక్కింది.

ఇంత చేసినా, దిగిన విమానం పక్కకు తప్పుకుంటేనే రెండవది దిగాలి. యంత్రం సెకండ్లను మిగల్చగలదు గాని, నేలను పుట్టించలేదు గదా! అందుకే మూడవ రన్‌వే మాట. అది పడవలసిన చోట హార్మండ్స్‌వర్త్ అనే ఊరుంది.

అక్కడికి ఒక ఆదివారం వెళ్ళాను. చర్చి, రెండు మూడు పాత సత్రాలు, యెర్ర యిటుకల యిళ్ళు. చర్చికి దగ్గరలో 1426 ప్రాంతంలో కట్టిన బ్రహ్మాండమైన గాదె. 192 అడుగుల పొడవు, అంతా ఓక్ దూలాలే. ఆరువందల యేళ్ళ నాటి కర్ర! లోపల నిలబడితే గుడిమండపంలో వున్నట్లుంది. వేసవిలో నెలకు రెండు ఆదివారాలు ఊరివారే తెరిచి చూపిస్తారు.

నాకు చూపించిన పెద్దావిడను రన్‌వే మాట అడిగాను.

“నా పిల్లలు బడికి వెళ్ళేనాటినుంచీ వింటున్నానండీ. ఒకసారి వస్తుందంటారు, ఒకసారి రాదంటారు. వంటిల్లు బాగుచేయించాలన్నా చేతులాడవు” అన్నదావిడ.

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. 2003లో ప్రభుత్వం సరేనన్నది. 2010లో వద్దన్నది. 2018లో పార్లమెంటు 415 – 119 వోట్లతో ఒప్పుకున్నది. 2020 ఫిబ్రవరిలో ఒక కోర్టు ఆపగా, డిసెంబరులో సుప్రీంకోర్టు అడ్డు తీసింది. 2025 జనవరిలో ప్రభుత్వం మళ్ళీ కావాలన్నది. ఆ ప్రణాళిక ప్రకారం చుట్టుపక్కల 750కి పైగా యిళ్ళు పోతాయి. గాదె, చర్చి మాత్రం కంచెకు అవతల మిగులుతాయట.

“గాదె మిగులుతుంది. తలుపు తీసేవాళ్ళెవరు?” అన్నదావిడ తాళం వేస్తూ.

ఆనకట్టల క్రింద మునిగిన మన ఊళ్ళవారు వింటే యీ ప్రశ్నకు అర్థం చెప్పనక్కరలేదు.