మంచం దగ్గరికే స్కానింగు

"స్కానింగంటే కడుపుతో ఉన్నోళ్లకు గదమ్మా?" ఆక్సిజన్ మాస్కు కాస్త జరిపి అడిగాడు పెద్దాయన. "నెమ్ము ఎంతుందో చూస్తా, చెయ్యి తల మీద పెట్టుకోండి" అంది డాక్టరమ్మ.

నేను వెళ్లిన ఆ బోధనాసుపత్రి శ్వాసకోశ వార్డులోనూ లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు వేలాడుతోంది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ప్రకారం ప్రతి స్కానింగ్ యంత్రాన్నీ రిజిస్టరు చేయించాలి. జేబులో పట్టేదైనా సరే, ఇష్టమొచ్చిన చోటికి పట్టుకుపోవడానికి వీల్లేదు. ఆ కట్టడి ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. పల్లె ఆసుపత్రిలో దగ్గుతో వచ్చినవాడికి మాత్రం ఈ పరీక్ష అందడం కష్టమే.

డాక్టరమ్మ ప్రోబుకు జెల్లు రాసి ప్లాస్టిక్ తొడుగు వేసింది. ఒక్కో పక్క ఆరు చోట్ల, ముందు, పక్కన, వీపున, పక్కటెముకల సందుల్లో ఆనించి చూసింది.

గాలి నిండిన ఊపిరితిత్తిలోకి స్కానింగు ధ్వని తరంగాలు చొరబడవు. అందుకే దానికి స్కానింగు దండగని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఫ్రాన్సులో ఐసీయూ వైద్యుడు డేనియల్ లిక్టెన్‌స్టైన్ మాత్రం ఆ తరంగాలు తెర మీద గీసే దొంగ గీతల్నే చదవడం మొదలుపెట్టాడు. 2008లో ఆయన ప్రచురించిన 'బ్లూ' పద్ధతి ఊపిరాడని రోగికి కారణమేమిటో మంచం దగ్గరే వెతుకుతుంది. అడ్డగీతలు గాలికి గుర్తు. ఊపిరితిత్తి పైపొర నుంచి తెర అడుగుదాకా జారే నిలువు గీతలు, అంటే బి లైన్లు, ఎక్కువైతే లోపల చెమ్మ చేరినట్టు.

2020లో రోమ్‌లోని జెమెల్లీ ఆసుపత్రి వైద్యులు కోవిడ్ రోగులకు స్టెతస్కోపు తగ్గించి ఊపిరితిత్తుల స్కానింగే వాడమన్నారు. ఒకరు ప్రోబు పట్టుకుంటే, ఇంకొకరు రోగిని తాకకుండా ట్యాబ్లెట్ చూసేవారు. రోగిని సీటీ గదికి తోసుకెళ్తే లిఫ్టు, వరండా, ఆ గది అన్నీ కడగాల్సిందే. ఆ తిప్పలూ తప్పాయి.

అయితే పైపొరను తాకని జబ్బు దీనికి చిక్కదు. గుండె నీరసించినా బి లైన్లే వస్తాయి. అందుకే డాక్టరమ్మ ప్రోబును గుండె మీదా ఆనించింది. పెద్దాయనకు ఎడమ పక్క అడుగున తెర మీద నల్లటి పట్టీ కనిపించింది: నీరు. సూది ఎక్కడ దించాలో అక్కడే పెన్నుతో గుర్తు పెట్టింది. తీసిన నీరు టీబీ పరీక్షకు వెళ్తుంది.

తొడుగు ఊడదీసి ప్రోబు తుడవగానే జూనియరు పక్క మంచం వైపు కదిలాడు. "తుడిచే మందు డబ్బా మీద ఎంతసేపు తడిగా ఉంచమని రాసుందో చదివావా?" అని డాక్టరమ్మ ఆపేసింది.