చెవి కోసుకునేవాళ్ల తిరునాళ్ల

ఒక్క జత స్పీకర్లు కోటి రూపాయలు. రికార్డు ప్లేయరు ధరకి ఊళ్లో ఓ ఇల్లు కొనుక్కోవచ్చు. అలాంటివన్నీ ఒక్కచోట కొలువుదీరితే అదే 'హై ఎండ్' ప్రదర్శన. 2004 నుంచి 2025 దాకా ఈ తిరునాళ్లకి వేదికైన జర్మనీ నగరం మ్యూనిక్ విశేషాలివి.

గది నిండా చీకటి. ఎదురుగా మనిషికన్నా ఎత్తైన రెండు స్పీకర్లు. వాటి మధ్య, నేలమీద నారింజ రంగు దీపాల్లా వెలుగుతున్న నాలుగు గాజు వాల్వులు. మూడు వరసల కుర్చీల్లో పాతికమందికి పైనే ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. తలుపు దగ్గర నిల్చున్న వ్యక్తి పెదవులమీద వేలు పెట్టి, లోపలికొచ్చేవాళ్లకి సైగ చేస్తున్నాడు. తిరుగుతున్న నల్లటి రికార్డు మీదికి ముల్లు దిగింది. చిన్న చిటపట... ఆ వెంటనే ఓ గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు! పాట ఇంకా మొదలవనేలేదు. ముందు వరసలోని తెల్లజుట్టు పెద్దాయన అప్పటికే కళ్లు మూసుకున్నాడు.

అది గుడి కాదు, కచేరీ హాలూ కాదు. సరకు అమ్ముకోవడానికి వేసుకున్న ఓ దుకాణం. కాకపోతే అక్కడి సరకు కంటికి కనిపించదు, చెవికి మాత్రమే అందుతుంది. మే నెల వచ్చిందంటే చాలు, ఇలాంటి గదుల్లో ఓ కుర్చీ కోసం ఇరవైవేలమందికి పైగా జనం మ్యూనిక్‌కి తరలివచ్చేవారు. పాటంటే చెవి కోసుకునేవాళ్లకి అది ఏడాదికోసారి వచ్చే తిరునాళ్ల.

పన్నెండు కొట్టకముందే...

మ్యూనిక్ నడిబొడ్డున మరియన్‌ప్లాట్జ్ కూడలి ఉంటుంది. అక్కడి పాత నగరంలో చెవులకి సంబంధించిన సామెత ఒకటుంది. ఆ ఊరివాళ్లు పొద్దున్నే ఇష్టంగా తినే తెల్ల సాసేజ్‌లు 'చర్చి గంట పన్నెండు కొట్టడం వినకూడదట'. అంటే మధ్యాహ్నం లోపే తినేయాలని. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మాంసం పాడైపోకుండా పెట్టుకున్న నియమం అది. ఫలహారం ముగించి యు6 మెట్రో ఎక్కితే, రైలు కాసేపు భూమి కింద పరిగెత్తి, ఊరి ఉత్తర శివార్లలో పైకి తేలుతుంది. కీఫెర్న్‌గార్టెన్ స్టేషన్లో దిగి, జనం వెంట నాలుగడుగులు వేస్తే చాలు... లిలియెన్‌థాల్ అలీ వీధిలో ఎం.ఓ.సి. భవనం కనిపిస్తుంది.

అమెరికాలో స్థిరపడ్డ జర్మన్ వాస్తుశిల్పి హెల్ముట్ యాన్ డిజైన్ చేసిన కట్టడమది. ఎటు చూసినా గాజూ ఉక్కూ. మధ్యలో ఎత్తైన అంగణాలు, వాటి చుట్టూ అంతస్తుల వారీగా గదులు. ఫొటోలకి అంతకన్నా అందమైన చోటు దొరకదు. చిక్కల్లా ఒక్కటే. శబ్దానికి గాజును మించిన పగవాడు లేడు! గాజు గోడకి తగిలిన ధ్వని బంతిలా వెనక్కొచ్చి పాటను గందరగోళం చేస్తుంది. అందుకే ప్రదర్శనకి వచ్చే సంస్థలన్నీ ముందు గోడల పని పట్టేవి. మందపాటి తెరలు, తివాచీలు, నురుగు పలకలు, చెక్క చట్రాలు, కుండీల్లో పెద్ద పెద్ద మొక్కలు... లారీల్లో తెచ్చుకుని గదిని గదిలా కాకుండా, ఎవరింట్లోనో ముందు హాల్లా మార్చేసేవి. కింది అంతస్తులోని పెద్ద హాళ్లలో విడిగా వినికిడి గదులు కట్టేవారు. వాటి మధ్య నడవాల్లో తీగలమ్మేవాళ్లు, హెడ్‌ఫోన్ల వాళ్లు, పాత రికార్డుల పెట్టెల ముందు వంగి వెతుక్కునేవాళ్లు!

పాటకు పుట్టిల్లు

ఈ ప్రదర్శన పుట్టింది మ్యూనిక్‌లో కాదు. 1982లో డ్యూసెల్‌డార్ఫ్‌లో మొదలైంది. ఆ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఓ హోటల్లో చాలా ఏళ్లు సాగింది. 2004లో ఇక్కడికొచ్చింది. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాలు తప్పిపోగా, ఇరవైసార్లు మ్యూనిక్‌లోనే జరిగింది.

ఊరు ఏదైనా, దేశం మాత్రం సరైనదే. గ్రామఫోన్‌కి 1887లో పేటెంట్ తీసుకున్న ఎమిల్ బెర్లినర్ పుట్టింది జర్మనీలోని హానోవర్‌లో. టేపు రికార్డరు 'మాగ్నెటోఫోన్'ని ఏ.ఇ.జి. కంపెనీ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో తొలిసారి చూపించింది. అమ్మకానికి తొలి సీడీలు తయారైంది 1982లో, హానోవర్ పక్కనే ఉన్న లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో. ఇక, మన ఫోన్లలోకి వేల పాటల్ని కుదించి పెట్టిన ఎంపీ3? దాని వెనకున్న ప్రధాన పరిశోధన జరిగింది ఎర్లాంగెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో. ఆ ఊరూ మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలోదే! పాటను గింజంత చేసి జేబులో పెట్టిన నేలమీదే, దాన్ని మళ్లీ కొండంత చేసి వినిపించాలని తపించేవాళ్ల సంత జరిగింది.

పెళ్లి మైకు సెట్టు... కోటి రూపాయలకి!

అంతంత పెద్ద స్పీకర్లు ఎందుకూ అన్నది మొదటిసారి వచ్చినవాళ్లకి కలిగే సందేహం. జవాబు ధ్వనిలోనే ఉంది. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వింటుంది. 20 హెర్ట్జ్‌ల గంభీరమైన శబ్దంలో ఒక్కో తరంగం పొడవు 17 మీటర్లు... దాదాపు బస్సున్నర! అదే 20,000 హెర్ట్జ్‌ల కీచు శబ్దానికైతే 17 మిల్లీమీటర్లే. డప్పు మోతకి బోలెడు గాలిని కదిలించాలి, తాళం గలగలకి చిటికెడు చాలు. అందుకే ఒకే పెట్టెలో పళ్లెమంత స్పీకరూ ఉంటుంది, బొత్తామంత స్పీకరూ ఉంటుంది.

మ్యూనిక్‌లో ఎక్కువమంది కెమెరాలకి చిక్కేవి మాత్రం గొట్టం స్పీకర్లు. ఎర్రగా, నీలంగా, పసుపుగా మెరిసే పేద్ద బూరలు. మన ఊళ్లలో పెళ్లికీ, జాతరకీ చెట్టుకి కట్టే మైకు సెట్టు గొట్టాలు గుర్తొస్తే తప్పులేదు. సూత్రం ఒక్కటే మరి! నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టి అరిస్తే కేక దూరం పోయినట్టు, చిన్న కదలికని గొట్టం పెద్ద శబ్దంగా మారుస్తుంది. కాబట్టి వాటికి ఎక్కువ కరెంటూ అక్కర్లేదు. తాతలనాటి రేడియోల్లో వెలిగిన వాల్వులకి అక్కడ ఇంకా రాజయోగం పట్టడానికి కారణమదే. 1930ల్లో అమెరికాలో రూపొందిన '300బి' అనే వాల్వు ఒంటరిగా ఇచ్చేది ఎనిమిది వాట్ల వరకే. దాంతోనే గది మొత్తం నిండిపోతుంది.

రెండు స్పీకర్ల మధ్య ఖాళీలో గాయని నిల్చుని పాడుతున్నట్టు అనిపించడమూ మాయ కాదు. బ్రిటిష్ ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియోకి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. సినిమాలో నటుడు తెరమీద అటునుంచి ఇటు నడుస్తున్నా గొంతు మాత్రం ఒక్కచోటినుంచే వస్తోందేమిటన్నది ఆయన చిరాకు! రెండు స్పీకర్లూ, వినేవాడూ సమబాహు త్రిభుజంలో ఉంటే ఆ భ్రమ బాగా కుదురుతుంది. అంటే ఒక్కో గదిలో సరైన కుర్చీ ఒక్కటే. ఆ మధ్య కుర్చీ ఖాళీ అయితే చాలు... ఆర్టీసీ బస్సులో కిటికీ సీటు కోసం పడే పోటీయే!

తీగ మారిస్తే పాట మారుతుందా?

ధరల సంగతికొస్తే గుండె దిటవు చేసుకోవాల్సిందే. లక్ష యూరోలంటే మన డబ్బులో దాదాపు కోటి రూపాయలు. ఆ ధర స్పీకర్లు అక్కడ వింత కాదు. స్పీకర్లూ, యాంప్లిఫైయరూ, వంద కిలోలు దాటిన టర్న్‌టేబులూ కలిపి పది లక్షల యూరోలు మించిన సెట్లూ ఉండేవి. కొన్నేమో ఒక్క తీగకే కారు ఖరీదు చెప్పేవి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో గీచి గీచి బేరమాడి స్పీకర్లు కొన్నవాళ్లకి నోట మాట రాదు.

మరి ఆ తీగ మారిస్తే నిజంగా పాట మారుతుందా? తేడా స్పష్టంగా తెలుస్తోందని ఒకరు ప్రమాణం చేస్తారు. కళ్లకు గంతలు కట్టి అడిగితే చెప్పగలరా అని ఇంకొకరు నవ్వుతారు. అభిమానుల మధ్య దశాబ్దాలుగా తెగని తగవిది. ఇంజినీర్లు ఎక్కువమంది ఒప్పుకునే మాట ఒకటుంది... తీగకన్నా స్పీకరు, స్పీకరుతో సమానంగా గది పాటను మారుస్తాయి. ఆ మాటకొస్తే నిర్వాహకులే 'సౌండ్స్ క్లెవర్' పేరుతో ఓ ఏర్పాటు చేశారు. మొత్తం సెట్టు కలిపి 5,000 యూరోలు దాటకూడదన్నది షరతు. అదీ తక్కువేం కాదు. కానీ ఆ గదుల్లోంచి బయటికొచ్చేవాళ్ల ముఖాలు, కోటి రూపాయల గదుల్లోంచి వచ్చేవాళ్ల ముఖాలకన్నా తక్కువగా ఏమీ వెలిగేవి కావు!

ఫొటోకి చిక్కనిది

అంత చీకట్లో ఫొటోలు తీయడం కత్తిమీద సామే. వాల్వుల వెలుగు పడాలంటే గది చీకటిగా ఉండాలి. ఫ్లాష్ వేస్తే ఆ నారింజ కాంతి చచ్చిపోతుంది, పైగా వినేవాళ్లు కళ్లెర్రజేస్తారు. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే తాళానికి తలలూపేవాళ్లంతా పొగలా చెదిరిపోతారు. అద్దంలా మెరిసే స్పీకరును తీస్తే అందులో కెమెరా పట్టుకున్న మనిషే కనిపిస్తాడు. అందుకే ఫొటోగ్రాఫర్లు నేలమీద బోర్లా పడుకుని, తెరల సందుల్లోంచి వంగి, పాటకీ పాటకీ మధ్య చప్పట్లు పడే క్షణం కోసం కాచుకుని మరీ తీసేవారు. షట్టరు 'టక్' మన్నా నేరమే!

అలా తీసిన వేలాది బొమ్మల్లో యంత్రాలుంటాయి. రాగి, ఇత్తడి, వాల్‌నట్ చెక్క, పాలరాయి, గాజు... అన్నీ ఉంటాయి. పాట ఒక్కటే ఉండదు. ఒక రకం బొమ్మలో మాత్రం అది లీలగా దొరుకుతుంది. యంత్రానికి వీపు పెట్టి, కుర్చీల వైపు తిప్పి తీసిన ఫొటో. వరసగా కళ్లు మూసుకున్న ముఖాలు. ఒకరి వేళ్లు మోకాలిమీద తాళం వేస్తుంటాయి. ఒకరి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. మన సంగీత సభల్లో ముందు వరసని చూసినట్టే ఉంటుంది.

శనగలూ... పళ్లూ...

ఆ ఫొటోల్లో ఇంకోటి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్లజుట్టు. ఎక్కువమంది యాభై దాటిన మగవాళ్లే.

వయసుతోపాటు చెవి లోపలి సన్నని రోమకణాలు దెబ్బతింటాయి. ముందుగా పోయేది కీచు శబ్దాలు వినే శక్తి. ఓసారి పోయిన కణాలు తిరిగి మొలవవు. యాభై, అరవై ఏళ్లొచ్చేసరికి చాలామందికి 20,000 కాదు, 12,000 హెర్ట్జ్‌లు వినపడటమే కష్టం. పదహారేళ్ల కుర్రాడి చెవికి అందే తళుకు, కోటి పెట్టి స్పీకర్లు కొనగలిగిన తాతకి అందదు. 'పళ్లున్నప్పుడు శనగల్లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు' అన్న సామెత వీళ్లకోసమే పుట్టిందేమో!

అలాగని కుర్రకారు చెవులు భద్రంగా ఉన్నాయా అంటే, అదీ లేదు. ఇయర్‌ఫోన్లలోనూ, హోరెత్తే వేడుకల్లోనూ హద్దు మీరిన శబ్దం వల్ల ప్రపంచంలో వంద కోట్లమందికి పైగా యువతకి వినికిడి ముప్పు పొంచి ఉందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకి మించి వినకూడదనీ, పిల్లలకైతే 75 డెసిబెల్సే హద్దనీ ఆ సంస్థ చెబుతోంది. వాల్యూమ్ సగం దాటించకపోవడం, మధ్యమధ్య చెవులకి విరామమివ్వడం... పైసా ఖర్చులేని జాగ్రత్తలు. ఎంత ఖరీదైన సెట్టుకైనా ఆఖరి యంత్రం చెవే. దానికి స్పేర్ పార్టు ఏ గదిలోనూ అమ్మరు.

వియన్నా పిలిచింది

2025 మే 15 నుంచి 18 వరకూ మ్యూనిక్‌లో ఆఖరి ప్రదర్శన జరిగింది. 2026కి నిర్వాహకులు వియన్నాను ఎంచుకున్నారు. వేదిక ఆస్ట్రియా సెంటర్. మొజార్ట్, బీథోవెన్ బతికిన ఊరు కాబట్టి సంగీతానికి కొత్త చోటు కాదు. బీథోవెన్‌కి వినికిడి పోయింది కూడా అక్కడే. 1824 మే 7న తన తొమ్మిదో సింఫనీని ఆ ఊళ్లోనే తొలిసారి వినిపించినప్పుడు, హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొడుతున్నా ఆయనకి తెలియలేదట. గాయని ఒకామె చెయ్యి పట్టుకుని జనం వైపు తిప్పితే, కళ్లతో చూసి తెలుసుకున్నాడని చెబుతారు.

మ్యూనిక్‌లో ఏ ఏడాదైనా ఆదివారం సాయంత్రం దృశ్యం ఒకటే. గదుల్లో తెరలు దిగిపోయేవి. వాల్వుల్ని ఒక్కొక్కటే చల్లారనిచ్చి, పసిపాపల్లా గుడ్డల్లో చుట్టి పెట్టేవారు. బూరలు చెక్కపెట్టెల్లోకి వెళ్లిపోయేవి. కీఫెర్న్‌గార్టెన్ స్టేషన్ వైపు జనం నడిచేవారు. కోటి రూపాయల స్పీకరు వెంట తీసుకెళ్లేవాళ్లు ఆ గుంపులో ఎవరూ ఉండరు. చాలామంది చేతిలో మాత్రం పలచటి, చతురస్రాకారపు సంచి ఉండేది. లోపల ఓ పాత రికార్డు. ఇంటికెళ్లి, ఉన్న ప్లేయర్‌మీదే పెట్టుకుని, మళ్లీ ఒకసారి కళ్లు మూసుకోవడానికి.