నా సీట్లో బాగానే వినపడుతోందే!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక ఊతపదం ఉంది. టెస్టర్ వచ్చి "బాబూ, ఇది పని చెయ్యట్లేదు" అంటే, తల కూడా ఎత్తకుండా "నా మెషీన్లో బాగానే పని చేస్తోందే!" అనేస్తాం. ఇన్నేళ్ళలో ఎంతమంది టెస్టర్లని ఇలా వెనక్కి పంపించానో లెక్కలేదు. ఈసారి మాత్రం టెస్టర్ మా నాన్న.

మాది పదేళ్ళ పాత కారు, అందులోనూ చిన్న మోడల్. ముందు తలుపులకి చెరో స్పీకరు, అంతే. వెనక ఏమీ లేవు. నాన్న ఎప్పుడూ నా పక్కన ఎడం సీట్లోనే కూర్చుంటారు. ఓసారి హైదరాబాదు నుంచి తెనాలి వెళ్తుంటే, సూర్యాపేట దాటాక "పాట సరిగ్గా రావట్లేదురా" అన్నారు. సౌండు పెంచాను. కాసేపటికి మళ్ళీ అదే మాట. మళ్ళీ పెంచాను. నాకేమో చెవులు చిల్లులు పడుతున్నాయి!

టీ కోసం ఆగినప్పుడు ఆయన వైపు తలుపు తీసి, వంగి మరీ విన్నాను. స్పీకరు శుభ్రంగా మోగుతోంది. బగ్ రిప్రొడ్యూస్ కాలేదు, టికెట్ క్లోజ్. డెబ్భై దాటాయి కదా, చెవులు మందగించి ఉంటాయి అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, పైకి అనేశాను కూడా. "అంతేనేమోలేరా" అన్నారు. ఆ తర్వాత కార్లో పాటలు పెట్టమని అడగడం మానేశారు. ఆ సంగతి నేను గమనించడానికి రెండు నెలలు పట్టింది.

చెవుల డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాను. పరీక్షలన్నీ చేసి, "ఈ వయసుకి బాగానే ఉన్నాయి" అన్నాడాయన. తిరిగొస్తుంటే నాన్న, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు, "ఘంటసాల పాటలు బాగానే వస్తాయిరా, కాస్త దూరం నుంచి వచ్చినట్టుంటాయంతే. ఇళయరాజా పాటల్లోనే సగం వయొలిన్లు ఉండవు" అన్నారు.

నాకు బుర్రలో బల్బు వెలిగింది. ఘంటసాల కాలం నాటి పాటలు మోనో. రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం, ఒకటి మూగబోయినా పాట మొత్తం ఉంటుంది. స్టీరియో పాటల్లో అలా కాదు, ఎడమ ఛానెల్లో మాత్రమే పెట్టిన వాయిద్యాలు ఎడం స్పీకరుతో పాటే పోతాయి. సంగీత దర్శకుణ్ణి బట్టి వచ్చే చెవుడు ఎక్కడైనా ఉంటుందా? ఇంత చక్కటి బగ్ రిపోర్టు నాకు ఆఫీసులో ఎవరూ ఇవ్వలేదు. మరి నేనెందుకు కనిపెట్టలేదంటారా? ఒంటరిగా వెళ్ళేటప్పుడు నేను వినేవి ఇంటర్వ్యూలూ, ప్రసంగాలూ. వాటికి ఒక్క స్పీకరు చాలు. అది నా మోకాలి పక్కనే ఉంది.

ఇంటికి రాగానే తలుపులన్నీ మూసి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పాను. కారంతా నిశ్శబ్దం. ఎడం తలుపు తీశాను, పాట! మూశాను, పోయింది. టీ దగ్గర నేను చేసిన ఘనమైన టెస్టింగు గుర్తొచ్చి సిగ్గేసింది.

షాపువాడు చూడకుండానే "స్పీకర్ పోయింది సార్, నాలుగు కొత్తవి వేయించి ఆంప్ పెట్టించేయండి" అన్నాడు. వద్దులే అని ఆదివారం నేనే కూర్చున్నాను. స్టీరియో బయటికి లాగి, దాని వెనక కుడి, ఎడం స్పీకర్ల వైర్లు అటూ ఇటూ మార్చాను. కుడి ఛానెల్ ఇచ్చినా ఎడం స్పీకరు మూగే. స్టీరియో నిర్దోషి. తలుపు ప్యానెల్ ఊడదీసి స్పీకరు దగ్గర మల్టీమీటర్ పెడితే 3.6 ఓమ్‌లు. 4 ఓమ్‌ల స్పీకరు మల్టీమీటర్లో కాస్త తక్కువే చూపిస్తుంది, కాబట్టి కాయిల్ బతికే ఉంది. ఇక మిగిలింది వైరు. స్టీరియో చివర నుంచి కొలిస్తే తలుపు తీసినప్పుడు 3.9, మూస్తే ఓపెన్ సర్క్యూట్.

దొంగ దొరికింది. తలుపుకీ బాడీకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది చూశారా, దాని లోపల. పవర్ విండో వైర్లూ అందులోంచే వెళ్తాయి, అద్దం బాగానే దిగుతోంది కాబట్టి నేనసలు అటు చూడలేదు. వైరు పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగిపోయింది. పదేళ్ళు తలుపు తీసి వేసిన ఫలితం.

తెగిన చోటే సోల్డర్ చేస్తే ఆ అతుకు బిరుసెక్కి మళ్ళీ విరుగుతుంది. అందుకని గొట్టంలోంచి కొత్త వైరు లాగి, అతుకులు రెండూ వంగని చోట వేశాను. మీరెవరైనా ప్రయత్నిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి, స్పీకరు మైనస్ వైరు గ్రౌండ్ అనుకుని బాడీకి తగిలించకండి. ఇప్పటి స్టీరియోల్లో రెండు వైర్లూ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్లే, చిప్ మాడిపోవచ్చు. ప్యానెల్ వెనకున్న ప్లాస్టిక్ షీటు కూడా తిరిగి అతికించండి, వాన నీళ్ళు తలుపు లోపలికి కారుతూనే ఉంటాయి.

సాయంత్రం నాన్నని పిలిచి ఎడం సీట్లో కూర్చోబెట్టాను. ఆయనే తలుపు వేసుకున్నారు. ఇళయరాజా పాట పెట్టాను, పాత అలవాటు కొద్దీ సౌండు బాగా పెంచి.

రెండో చరణం దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కాస్త తగ్గించరా, నాకేమన్నా చెవుడా?" అన్నారు.