మా ఇంటి సముద్రం

చేవెళ్ల రోడ్డు పట్టుకుని వెళ్తే కూరగాయల మళ్లూ, పూలతోటలే. సముద్రం చూడాలంటే 300 కిలోమీటర్లు దాటి సూర్యలంక వెళ్లాల్సిందే. అయినా మొయినాబాద్‌లో మా ముందుగదిలో ఓ బుల్లి సముద్రం ఉంది. 200 లీటర్ల గాజు తొట్టి... రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్. పగడాల జోలికి పోలేదు.

చూసినవాళ్లంతా చేపల్ని మెచ్చుకుంటారు. నిజానికి అక్కడ పెంచాల్సింది నీళ్లని! చేపల వ్యర్థాలూ, మిగిలిపోయిన మేతా అమ్మోనియాగా మారతాయి. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకోరకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది కాస్త నయం. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

వంటింటి ఉప్పుతో ఈ పని జరగదు. మెగ్నీషియం, క్యాల్షియం లాంటివన్నీ ఉన్న సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని ఆర్వో నీళ్లలో కలపాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు. పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. ఎండలకు తొట్టిలో నీళ్లు తగ్గితే మాత్రం ఉప్పు కలపని నీళ్లే పోయాలి. ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కరెంటు పోతే? బ్యాటరీతో నడిచే గాలిపంపు సిద్ధంగా ఉండాల్సిందే.

పేరుకునే నైట్రేట్‌ని తగ్గించడానికి పదిహేను రోజులకోసారి 20 లీటర్లు తీసి కొత్తనీళ్లు పోస్తాను. అసలు చిక్కు ఇక్కడే. ఆ తీసిన నీళ్లు ఎక్కడ పోయాలి? "మల్లెచెట్టుకు పోస్తే చస్తది బిడ్డా" అంది అమ్మ. లెక్కేస్తే ప్రతిసారీ 700 గ్రాముల ఉప్పు. ఏడాదికి 18 కిలోలు! ఇంకుడుగుంతలో పోస్తే అది మన బోర్లలోకే.

మాది మామూలు నేల కూడా కాదు. 1908 వరదల తర్వాత మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాలకు నీరు పారే నేల ఇది. దాన్ని కాపాడటానికే 1996లో 84 గ్రామాలకు 111 జీవో వచ్చింది. నగరానికి మంచినీళ్లు ఇచ్చిన నేలలో నేను ఉప్పు పోయనా?

అందుకే డాబా మీద వెడల్పాటి టబ్బులో పోసి ఎండబెడుతున్నాను. వానాకాలంలో రేకుల కింద. మిగిలిన ఉప్పు మూతున్న డ్రమ్ములోకి చేరుతుంది.

"ఇంకో చేప తేవచ్చుగా" అంటారు చుట్టాలు. చేప పెరిగితే మేత పెరుగుతుంది, నైట్రేట్ పెరుగుతుంది, మార్చాల్సిన నీళ్లూ పెరుగుతాయి. అప్పుడు డ్రమ్ములో ఉప్పు కూడా! మా తొట్టిలో ఎన్ని చేపలుండాలో ఆ డ్రమ్మే చెబుతోంది. ప్రస్తుతానికి మూడు చాలట.