దోమ దారిలో డూకో కథ

పేరు చూసి నవ్వకండి. దోమ అంటే వికారాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. హైదరాబాద్ నుంచి చేవెళ్ల, మన్నెగూడ మీదుగా పరిగి చేరుకుని, అక్కడి నుంచి లోపలికి తిరగాలి. వీకెండ్ జనమంతా అనంతగిరి కొండలకే పోతారు కాబట్టి ఇటువైపు సెల్ఫీ స్పాట్లు లేవు, ట్రాఫిక్ లేదు. కానీ పాత బండ్లంటే ఇష్టమున్నవాళ్లు ఒకసారి రావాల్సిన దారి ఇది. సిటీలో ఎప్పుడో స్క్రాప్‌కి పోయిన స్కూటర్లు ఇక్కడ ఇంకా పాల క్యాన్లు మోస్తున్నాయి.

నేను వెళ్లింది కూడా ఒక స్కూటర్ కోసమే. నా కొలీగ్ వాళ్ల నాన్న రిటైర్డ్ టీచర్. ఆయన దగ్గర 1984 నాటి బజాజ్ చేతక్ ఉంది, లేత నీలం రంగు. ఇంట్లో కూతురి పెళ్లి. గోడలకు రంగులు వేయిస్తూ పనిలో పనిగా బండికి కూడా వేయించేద్దామని అంకుల్ ప్లాన్. కొలీగ్‌కి ఇష్టం లేదు. "మా నాన్న నా మాట వినడు, నువ్వొచ్చి చెప్పు" అన్నాడు. అమెరికన్ మజిల్ కార్ల వీడియోలు రాత్రంతా చూసే పిచ్చి నాకుందని వాడికి తెలుసు.

ఆ పిచ్చిలో నేర్చుకున్నదేంటంటే, పాత కారు విలువలో దాని ఫ్యాక్టరీ రంగుది పెద్ద వాటా. 1960ల కార్లలో ఆ రంగులు రెండు రకాలు. జనరల్ మోటార్స్ వాళ్ల కమారో, జీటీఓ లాంటి కార్లకు అక్రిలిక్ లాకర్ వేసేవాళ్లు. ఫోర్డ్ మస్టాంగ్, డాడ్జ్ చార్జర్ లాంటివాటికి ఎనామిల్. లాకర్‌లో థిన్నర్ ఆవిరైపోతే రంగు ఆరిపోతుంది. మళ్లీ థిన్నర్ తగిలితే కరుగుతుంది. ఎనామిల్‌ని ఓవెన్‌లో కాలుస్తారు. ఆ వేడికి రంగు లోపల రసాయనికంగా గట్టిపడిపోతుంది, థిన్నర్‌కి అంత సులువుగా లొంగదు. ఏ కారుకు ఏ రంగు వేశారో చెప్పే కోడ్ బాడీకి బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. రంగు మారిస్తే ఆ రేకు చెప్పేదొకటి, కంటికి కనిపించేదొకటి. అందుకే అక్కడి కలెక్టర్లు గీతలున్నా సరే, మొదటి రంగుతో మిగిలిన కారుని 'సర్వైవర్' అని నెత్తిన పెట్టుకుంటారు.

అమెరికా ముచ్చట దోమలో ఎందుకంటారా? తాండూరు వెళ్లే దారిలో మేం బండి ఆపిన షెడ్డు బోర్డు మీద 'డెంటింగ్, పెయింటింగ్, డూకో వర్క్' అని రాసుంది. డూకో అనేది డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ బ్రాండు పేరు. అంతకు ముందు కారుకి వార్నిష్ పూతలు ఆరడానికే వారాలు పట్టేది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు డూకో నీలం వేశారు, ఆరే టైమ్ గంటల్లోకి వచ్చేసింది. నూరేళ్లు గడిచాయి. ఓక్లాండ్ కంపెనీ పేరు మనలో ఎవరికీ తెలీదు. డూకో మాత్రం మన కార్పెంటర్ల నోట్లో, బీరువాల మీద, ఈ షెడ్డు బోర్డు మీద బతికే ఉంది.

పెయింటర్ అన్న మా గొడవంతా విని, దూదిని థిన్నర్‌లో ముంచాడు. సీటు కింద కనిపించని చోట రుద్దాడు. దూది తెల్లగానే ఉంది. కుడివైపు ఇంజిన్ మీదుండే సైడ్ కవర్ లోపలి అంచున రుద్దాడు. దూది నీలంగా మారింది. "బండి కంపెనీదే సార్. ఈ కవర్ ఒక్కటి బయట కొట్టిచ్చిన్రు" అన్నాడు. అంకుల్ ఒక్క నిమిషం ఆలోచించి, "అవు, పరిగి కాడ పడ్డప్పుడు మార్పిచ్చిన" అన్నారు. నలభై ఏళ్ల బండి చరిత్ర చిటికెడు దూదితో బయటికొచ్చింది.

"మల్ల కొట్టాల్నా?" అని అడిగాం. "కొట్టమంటే కొడ్త, నా పనే అది. గని కంపెనీల కాల్చిన రంగు నా తాన రాదు. ఒక్కపారి గీకితే పాయె" అన్నాడాయన. గిరాకీ పోగొట్టుకునే మాట అది. అయినా చెప్పాడు.

ఇంటికొచ్చాక ఆంటీ వేరే పాయింట్ లేవనెత్తింది. "పెళ్లికొచ్చినోళ్లు ఏమనుకుంటరు? ఇంత ఖర్చు పెట్టి బండి మాత్రం గట్లనేనా?" ఆమె మాటలో తప్పేం లేదు. ఊళ్లో పాతగా ఉంచుకోవడాన్ని ఎవరూ అభిరుచి అనరు, పైసలు లేవంటారు. చివరికి అంకులే తేల్చారు. కాళ్లు పెట్టే చోట తుప్పు పట్టిన రేకుకు మాత్రమే రంగు. దాన్ని సీటు కింద వెలిసిపోని నీలంతో మ్యాచ్ చేయాలి. మిగతా బండికి కడుగుడు, మైనం పాలిష్. అంతే.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లకు 'వీఏ' సిరీస్‌లో ప్రత్యేక నంబర్ ఇస్తారు. కండిషన్ ఏంటంటే, బండి ఒరిజినల్ రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంకుల్ చేతక్‌కి 2034లో 50 నిండుతాయి.

మీ ఇంటి వెనక షెడ్డులోనూ తాతగారి బండి ఉంటే, రంగుల డబ్బా కొనేముందు మూడు పనులు చేయండి. సీటు కింద, డిక్కీ లోపల అసలు రంగు ఏదో చూడండి. రబ్బర్ల మీద, స్క్రూ తలల మీద రంగు పడి ఉంటే అది బయట కొట్టించిందే అయ్యుండొచ్చు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, కాబట్టి పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చొద్దు. పాలిష్ చేసేటప్పుడు గుడ్డకు బండి రంగు అంటితే భయపడకండి. పైన క్లియర్ కోట్ లేని పాత రంగు అలాగే అంటుతుంది. కానీ అలా అంటిన ప్రతిసారీ రంగు కాస్త పలచబడుతుందని గుర్తుంచుకోండి.

తిరిగొచ్చేటప్పుడు తాండూరు బండల లోడుతో లారీలు ఎదురయ్యాయి. కొన్ని నీలం, కొన్ని పసుపు. ఆ రంగు రాయికి పుట్టుకతో వచ్చింది, ఎంత అరిగినా లోపల అదే. బండి రంగు అలా కాదు. రెండు మూడు వెంట్రుకల మందం, అంతే. పోతే మళ్లీ ఫ్యాక్టరీ కూడా ఇవ్వలేదు.