పక్క తడిపిన పిల్లవాడు

ఏళ్ళ తరబడి పక్క తడపని పిల్లవాడు మళ్ళీ తడపడం మొదలుపెడితే మీరేం చేస్తారు? రాత్రిపూట మంచినీళ్ళు తగ్గిస్తారు. జడుసుకున్నాడేమోనని తాయెత్తు కట్టిస్తారు. కాస్త కోపిష్టులైతే వీపు మీద ఒకటి వేస్తారు. మీ సంగతి అలా ఉంచండి. పాతికేళ్ళు దాటిన సర్కారు డాక్టరుని, నేను చేసిన నిర్వాకం చెబుతాను వినండి.

మా ఊళ్ళో ఒక పిల్లల శరణాలయం ఉంది. నలభై మంది దాకా ఉంటారు. బయటి నుంచి వెళ్ళేవాళ్ళం ముగ్గురం. నెలకొకసారి నేను, వారానికొకసారి పిల్లల మనసులో మాట కనుక్కునే కౌన్సిలింగు అమ్మాయి, సాయంత్రాలు లెక్కలు చెప్పే రిటైర్డు మాస్టారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ రాగానే సూపరింటెండెంటుగారు గేటుకు తాళం వేశారు. ఆయన్ని తప్పు పట్టను. ఒకే హాల్లో వరసగా పడుకునే పిల్లలు. ఒకడికి అంటితే అందరికీ అంటుతుంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఇలాంటి గృహాలకు ఆదేశాలిస్తూ, వ్యాధి రాకుండా చూడమనడంతో పాటు పిల్లలకు కౌన్సిలింగు అందేలా చూడమని కూడా చెప్పింది. మేము మాత్రం తాళాన్నే గట్టిగా పట్టుకున్నాం.

ఆదివారాలు ఆయన నాకు ఫోను చేసేవారు. జూన్‌లో ఒకరోజు, పదకొండేళ్ళ కుర్రాడు పక్క తడుపుతున్నాడన్నారు. "బెంగండీ డాక్టరుగారూ, ఆ అమ్మాయి రావడం మానేసింది గదా!" నాకూ అలాగే తోచింది. బెంగతో పక్క తడిపే పిల్లలు లేకపోలేదు. కొట్టకండి, చీకటి పడ్డాక నీళ్ళు తగ్గించండి అన్నాను. వీడియోలో వాణ్ణి చూపించారు కూడా. నవ్వాడు. ఫోనులో మొహం కనిపిస్తుంది గాని, జారిపోకుండా మొలతాడుతో బిగించిన లాగు కనిపించదు గదా!

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోను. కుర్రాడు ఎగశ్వాస పెడుతున్నాడు, కరోనాయే కాబోలు, వేరే గదిలో పెట్టామన్నారు. వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ ఎంతుందని అడిగాను. 98 అన్నారు. అంత ఆయాసానికీ ఆ అంకెకూ పొత్తు కుదరలేదు. ఇంతలో వెనక నుంచి వంటావిడ గొంతు: "వాడు పోసిన చోట చీమలు పడుతున్నాయని మొత్తుకుంటే ఒక్కరూ వినరేం!"

మా అమ్మమ్మల కాలం నాటి పరీక్ష అది. ఉన్నపళంగా బయలుదేరాను. కుర్రాడి నోట్లోంచి మాగిన పండు వాసన. రక్తంలో చక్కెర 460. పిల్లలకు వచ్చే చక్కెర జబ్బు అది. ఇన్సులిన్ లేక ఒంట్లో ఆమ్లం పెరిగి ఆ ఆయాసం. అలాంటివాడికి నీళ్ళు తగ్గించమన్న మహానుభావుణ్ణి నేను! జిల్లా ఆస్పత్రిలో సెలైను, ఇన్సులిన్ ఎక్కించాక మూడోనాటికి లేచి కూర్చున్నాడు. కరోనా లేనే లేదు.

ఫిబ్రవరిలో వాడి బరువు 30 కిలోలని నా చేతిరాతే ఉంది. ఆస్పత్రిలో 25. నెలనెలా పరీక్ష చేసి బరువు, ఎత్తు రాయాలని నియమం ఉంది. డాక్టరు రాలేదు గనక మార్చి నుంచి గళ్ళన్నీ ఖాళీ. తూకం యంత్రమేమో వాళ్ళ స్టోరురూములోనే ఉంది. బరువు చూడ్డానికి డాక్టరెందుకండీ?

ఆ తర్వాత ఆయా ప్రతి ఆదివారం పిల్లల్ని తూచి నాకు అంకెలు చదివేది. నెలకొకసారి నేను మాస్కు కట్టుకుని వెళ్ళి, వరండాలో ఒక్కొక్కర్నీ చొక్కా విప్పించి చూసేవాణ్ణి. వార్డెను నర్సు దగ్గర ఇన్సులిన్ సూది వేయడం నేర్చుకున్నాడు. కౌన్సిలింగు అమ్మాయి ఫోను చేస్తే పిల్లలు వేపచెట్టు కింద ఒంటరిగా మాట్లాడాలన్నాను. దీనికి మాత్రం సూపరింటెండెంటుగారు చాలా గింజుకున్నారు. తన మీద ఏం చెబుతారోనని! పక్కన పెద్దవాళ్ళు నిలబడితే ఏ పిల్లవాడైనా "బాగున్నానండీ" అనే అంటాడు. పన్నెండు నిండినవాళ్ళకు టీకా 2022 మార్చి 16న గాని మొదలు కాలేదు; అన్నాళ్ళు తాళంతో నెట్టుకురావడం అయ్యే పని కాదు.

మీ ఇంట్లో పిల్లలు మాటిమాటికీ నీళ్ళు తాగుతూ, చిక్కిపోతూ, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడితే తాయెత్తుల కోసం తిరగకండి. ఆ రోజే చక్కెర పరీక్ష చేయించండి. ఒక్క రక్తపు చుక్క చాలు. వాంతులు, ఎగశ్వాస కూడా ఉంటే తిన్నగా ఆస్పత్రికే వెళ్ళండి.

వంటావిడకు నా నంబరిచ్చాను. మొన్న కూడా ఫోను చేసింది. ఈసారి చీమలు కాదు, చిన్నపిల్లల గదిలో గజ్జి.