గోడకు ఆవలివైపు

హైదరాబాదులో మా నివాసం మూడో అంతస్తులోని రెండు గదులు. మద్రసా నుండి వచ్చాక, మూడడుగుల బాల్కనీలో చాప పరచి రిహల్‌లు చేయడం మాకు అలవాటు. దివ్యఖుర్ఆన్‌ను ఉంచే ఈ పీటకు మేకులుండవు, జిగురుండదు. ఒకే పలకను మందంలో రెండుగా చీల్చి, నడుమ పళ్ళు పళ్ళుగా కీలు చెక్కితే రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది.

ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఉలిపై సుత్తి వేస్తుండగా పక్కింటి పెద్దావిడ తలుపు తట్టారు. "మౌల్వీ సాబ్, మా ఆయనకు మూడు రాత్రులుగా నిద్ర లేదండీ" అన్నారు, అంతే.

మేము తలదించుకున్నాము. పొరుగువారి విషయంలో జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేసేవారంటే, వారిని ఆస్తికి వారసులుగా చేస్తారేమోనని దైవప్రవక్త (స) భావించారు. ఆ హదీసును ఆ ఉదయమే పిల్లలచేత వల్లె వేయించి వచ్చాము! దైవప్రవక్త జకరియ్యా (అ) వడ్రంగి. ఆయన చేసిన పని చేస్తున్నామన్న తృప్తిలో గోడకు ఆవల ఒక రోగి ఉన్నాడన్న సంగతి మరచాము.

మరునాడే వెళ్ళి క్షమాపణ కోరాము. ఇప్పుడు సుత్తి లేదు. ఉలిని అరచేత్తోనే నెడతాము. సన్నపళ్ళ రంపం, గరుకు కాగితం, అదీ మగ్రిబ్ లోపే. వారంలో అయ్యే రిహల్‌కు నెల పడుతోంది. పట్టనీయండి. పుణ్యకార్యమైనా సరే, పొరుగువాని నిద్రను బలిగొని సాగరాదు. అల్లాహ్ మాకూ మీకూ ఈ గ్రహింపును ప్రసాదించుగాక! ఆమీన్.